పొద్దుపోక పట్టుకున్న అలవాట్ల చోట మెదడుకు పని పెట్టడం ఎట్లా: మొదటి నుంచి చివరి దాకా

ఖాళీ దొరికితే చెయ్యి దానంతట అదే ఫోన్ మీదకో మిక్చర్ డబ్బా మీదకో పోతా ఉంది, ఎట్లా ఆపాల అని చాలామంది అడుగుతా ఉన్నారు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్తా వచ్చినా, ఈసారి అంతా వరసగా రాస్తా ఉండా, తిరుపతిలో ఉండేవాళ్ళకి చిత్తూరు పక్క వాళ్ళకి చేతికందే వాటితోనే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాల. అలవాటును పీకేసి ఆ చోటును ఊరికే వదిలితే నాలుగు రోజుల్లో అదే వచ్చి కూర్చుంటాది. అదే టైంకి, అదే చోట, ఇంకో పని ముందే సర్ది పెట్టి ఉండాల. మనలో ఎక్కువమంది తప్పేది ఈ సర్దుకోవడం దగ్గరే, మనసు గట్టిది కాక కాదు.

1. ఇది మీకు సరిపోతాదా, ముందు చూసుకోండి

రీల్స్, ఆకలి లేకుండా తినడం, పని లేకపోయినా గంటకోసారి టీ అంగడికి పోవడం, కొనేది లేకపోయినా షాపింగ్ యాప్ తెరవడం, ఇట్లాంటి వాటికి ఈ పద్ధతి బాగా పనిచేస్తాది.

సిగరెట్, గుట్కా ఐతే ఇది తోడుగా పనికొస్తాది కానీ ఒక్కటే చాలదు. పొగాకు మానడానికి ప్రభుత్వం వాళ్ళ ఉచిత నంబర్ 1800-11-2356 ఉంది, దానికి ఫోన్ చేసి ఇది కూడా చేయండి. రోజూ మందు తాగేవాళ్ళు ఎవరి మాటా విని ఒక్కసారిగా ఆపేయొద్దు, ఒంటికి ప్రమాదం, డాక్టర్‌ని కలిసి ఆయన చెప్పినట్టే తగ్గించాల.

ఇంతకు ముందు నచ్చినవి కూడా రెండు వారాలుగా రుచించడం లేదు, నిద్ర చెడిపోయింది, దేని మీదా మనసు పోవడం లేదు అంటే దాన్ని పొద్దుపోకపోవడం అనుకోవద్దు. టెలి మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు అది, తర్వాత ఇది.

2. మూడు రోజులు ఏమీ మార్చొద్దు, రాసుకోండి

పది రూపాయల నోట్‌బుక్ చాలు. ఫోన్‌లో రాసుకుంటా అంటే వద్దు, రాయడానికని తెరిచి అక్కడే ఉండిపోతారు.

అలవాటు జరిగిన ప్రతిసారీ నాలుగు రాయండి: టైం, చోటు, దానికి సరిగ్గా ముందు ఏం చేస్తా ఉన్నారు, ఐపోయినాక ఎట్లా అనిపించింది. నా పుస్తకంలో ఒక పేజీ ఇట్లా ఉంది:

మంగళవారం 4.10, ఆఫీసు కుర్చీ. ముందు: రిపోర్ట్ పంపేసినా, జవాబు కోసం చూస్తా ఉండా. చేసింది: ఫోన్, 35 నిమిషాలు. తర్వాత: కళ్ళు మంట, చూసినవాటిలో ఒక్కటీ గుర్తు లేదు.

అదే రోజు రాత్రి 9.40, మిద్దె మీద కుర్చీ. ముందు: భోజనం అయింది, ఇంట్లోవాళ్ళు సీరియల్ చూస్తా ఉన్నారు. చేసింది: ఫోన్, పక్కన బొరుగుల మిక్చర్. తర్వాత: కడుపు బరువు, 11.30 దాకా నిద్ర లేదు.

ఈ రెండు ఎంట్రీలే బుధవారం, గురువారం కూడా వచ్చినాయి, టైం పది నిమిషాలు అటూ ఇటూ. మీకూ అట్లే వస్తాది. రోజంతా ఫోన్‌లోనే ఉంటా అనుకునేవాళ్ళకి కూడా రాసి చూస్తే రెండో మూడో చోట్లే గట్టిగా తేలతాయి. వాటిలో ఒక్కటి మాత్రం తీసుకోండి, మిగతావి ఇప్పటికి అట్లే జరగనీండి.

ఎంచుకునే ముందు ఇంకొకటి చూడాల. పొద్దుపోకపోవడం, అలసట, ఆకలి, తోడు లేకపోవడం, నాలుగూ లోపల ఒకే మాదిరి తెలుస్తాయి, మందు మాత్రం వేరే వేరే.

- చెంబు నీళ్ళు తాగి ఏదైనా గట్టిగా తినబుద్ధి అయితే, సంగటి అయినా సరే అనిపిస్తే, అది ఆకలి. తినండి.
- పది నిమిషాలు కళ్ళు మూసుకుంటే నిద్ర పట్టేస్తే అది అలసట. పజిల్స్ పెట్టుకోవద్దు, పడుకోండి.
- ఎవరైనా ఫోన్ చేస్తే బాగుండు అనిపిస్తే తోడు కావాల. మీరే చేయండి.
- ఈ మూడూ కాకుండా ఊరికే చేతులు పిసుక్కుంటా ఉంటే, అదీ మన సంగతి.

3. ఆ అలవాటు మీకు ఏం ఇస్తా ఉందో కనుక్కోండి

ఏమీ ఇవ్వకపోతే దాన్ని అన్నిసార్లు చేయం. 2014లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు చేసిన ప్రయోగం ఒకటి సైన్స్ పత్రికలో వచ్చింది, మనుషుల్ని ఫోన్ లేకుండా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి, కావాలంటే మీకు మీరే కరెంట్ షాక్ ఇచ్చుకునే బటన్ ఇదో ఇక్కడ ఉంది అన్నారు, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 మంది నొక్కినారు. ఆ షాక్ అంతకు ముందు రుచి చూసి, డబ్బులిచ్చైనా తప్పించుకుంటాం అన్నవాళ్ళే! ఊరికే కూర్చోవడం మనిషికి అంత కష్టం, కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

అలవాటు ఇచ్చేది మామూలుగా ఈ నాలుగులో ఒకటి ఉంటాది:

- కొత్తది చూడటం (రీల్స్, షాపింగ్ యాప్)
- చేతికి, నోటికి పని (మిక్చర్, చెనక్కాయలు, గోళ్ళు కొరకడం)
- మనుషులు (టీ అంగడి, గ్రూప్ చాట్)
- చేయాల్సిన పని నుంచి తప్పించుకోవడం

బదులు పని కూడా అదే ఇవ్వాల. చేతికి పని కావాల్సినవాళ్ళు పుస్తకం పట్టుకుంటే రెండో పేజీకి చెయ్యి మళ్ళీ డబ్బాలోకి పోతాది. నాలుగో రకం వాళ్ళు ఏ బదులూ వెతకొద్దు, తప్పించుకుంటా ఉన్న పనిని ఐదు నిమిషాల ముక్కగా కోసి మొదలుపెట్టడమే దారి.

4. బదులు పని ఎంచుకోవడం

మూడు షరతులు. అర నిమిషంలో మొదలుపెట్టేటట్టు ఉండాల. కొంచెం కష్టంగా ఉండాల, మరీ తేలికైతే మనసు నిలవదు, మరీ కష్టమైతే మూసేస్తారు, పదిలో ఏడు చేయగలిగి మూడు తప్పుతా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మూడోది, ఫోన్ అక్కరలేనిది. చెస్ యాప్ మంచిదే కానీ మొదటి నెల వద్దు.

కొత్తది కావాల్సినవాళ్ళకి: అరవం (తమిళం) చదవడం

మన పక్క చాలామందికి అరవం మాట వస్తాది, అక్షరం రాదు. వేలూరు ఆసుపత్రికి పోయినప్పుడు, చెన్నై బస్టాండులో, పక్కవాళ్ళని అడుగుతా ఉంటాం. మాట ముందే చెవిలో ఉంది కాబట్టి సగం పని ఐపోయినట్టే. 247 అక్షరాలు అని భయపెడతారు, నేర్చుకోవాల్సింది 12 అచ్చులు, 18 హల్లులు, ఒక ఆయుధ అక్షరం (మూడు చుక్కల గుర్తు), తర్వాత గుణింతం గుర్తులు, అంతే.

తెలుగు చదివేవాళ్ళు తడబడేది మూడు చోట్ల. క, గ రెండిటికీ ఒకే అక్షరం, చోటును బట్టి పలకాల. పొల్లుకు బదులు అక్షరం నెత్తిన చుక్క పెడతారు. ఎ, ఏ, ఐ గుర్తులు అక్షరానికి ముందే వస్తాయి. చెన్నై బోర్డు చూడండి, మొదట కనపడేది ఎ గుర్తు, దాని వెనక చ, తర్వాత చుక్క పెట్టిన న, మళ్ళీ ఐ గుర్తు, ఆఖరికి న. కంటికి ముందు కనపడిన గుర్తును ఒక్క క్షణం పట్టి ఉంచి, వెనక అక్షరం చూసినాక కలిపి పలకాల. ఈ పట్టి ఉంచడం దగ్గరే మెదడు బాగా కష్టపడతాది, మొదటి రెండు రోజులు తల వేడెక్కినట్టు ఉంటాది, ఆరో రోజుకి కన్ను దానంతట అదే వెనక్కి పోయి ముందుకు వస్తాది.

రోజుకు మూడు అక్షరాలు, ఒక ఊరి పేరు. దీనికి మించి వద్దు.

నోటికి, మనసుకు పని కావాల్సినవాళ్ళకి: పద్యం కొలవడం

బడిలో చదివిన గురువు, లఘువు గుర్తున్నాయి కదా. దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, పొల్లు వచ్చినా, వెనక ఒత్తక్షరం ఉన్నా గురువు, మిగిలింది లఘువు. గణం అంటే ఇవి కలిసిన చిన్న గుంపు. ఆటవెలది అనే పద్యంలో మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదానికి ఐదూ సూర్యగణాలే. మూడూ నాలుగూ మళ్ళీ అట్లే. సూర్యగణాలు రెండే: గురువు-లఘువు ఒకటి, మూడు లఘువులు ఒకటి. ఇంద్రగణాలు ఆరు (గురువును గ, లఘువును ల అనుకుంటే): భ (గలల), ర (గలగ), త (గగల), నల (లలలల), నగ (లలలగ), సల (లలగల).

నేను మిద్దె మీద కూర్చుని కట్టిన రెండు పాదాలు:

ఫోను పక్క బెట్టి పొద్దున లేచితే
కొత్త మాట నోట కుదురుకొనును

విడగొడితే: ఫోను, పక్క, బెట్టి, మూడూ గురువు-లఘువు. పొద్దున, గురువు తర్వాత రెండు లఘువులు, భగణం. లేచితే, మధ్యలో లఘువు, రగణం. యతి అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, ఇక్కడ ఫో కి పొ కలుస్తాది. రెండో పాదంలో కొత్త, మాట, నోట, కుదురు, కొనును, కొ కి కు కలుస్తాది.

ఈ రెండు పాదాలకు నాకు మూడు సాయంత్రాలు పట్టింది. రెండో పాదం మొదట "కొత్త మాట ఒకటి నేర్చుకొనును" అని రాసినా, గణాలు సరిపోయినాయి, యతి పోయింది, కుదురు అనే మాట మర్నాడు బండి మీద పోతా ఉంటే తట్టింది. కాగితం మూసేసినా మెదడు నమలడం ఆపదు, బదులు పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. కట్టలేకపోతే మొదటి వారం తెలిసిన పద్యాలు కొలవండి చాలు.

మనుషులు కావాల్సినవాళ్ళకి: పులి-మేక

మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు. గీత ఎట్లా గీయాలో ఇంట్లో అవ్వనో తాతనో అడగండి, ఊరికొక తేడా ఉంటాది, వాళ్ళకి తెలిసిందే ఆడండి. పులి పక్కనున్న మేక మీద దూకి అవతల ఖాళీ చోట దిగితే మేక పోతాది. మేకలు ఒక్కొక్కటే దిగుతా, మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే గెలిచినట్టు. ఎప్పుడూ మేకల పక్కే ఆడండి, ఆలోచన అక్కడ ఎక్కువ.

చేతికి పని కావాల్సినవాళ్ళకి

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు వెదురు పుల్లకు గుడ్డ చుట్టి చేసుకునే కలం మాదిరిది ఇంట్లోనే చేసుకోవచ్చు, మామూలు సిరాతో కాగితం మీద తీగలు, నెమళ్ళు గీయండి. సుడోకు కూడా సరే, కానీ పెన్సిల్‌తోనే.

5. ముందురోజు రాత్రి సర్దుకోవడం

పడుకునే ముందు ఐదు నిమిషాలు, ఈ లిస్ట్ చూసుకోండి:

- రేపటి పని ఒక్కటే కాగితం మీద రాసి ఉందా (ఏ మూడు అక్షరాలు, ఏ పద్యం)
- పెన్సిల్ చెక్కి, పుస్తకం తెరిచి, అలవాటు జరిగే చోటే పెట్టినారా
- ఫోన్ చార్జర్‌ను ఆ గదిలో నుంచి తీసేసినారా
- మిక్చర్ డబ్బా కంటికి కనపడని అరలో, పైన, స్టూల్ వేసుకుంటేనే అందే చోట ఉందా
- ఇంట్లోవాళ్ళకి "ఆ అరగంట నన్ను పిలవొద్దు" అని చెప్పినారా

చోటు మాట మళ్ళీ చెప్తా ఉండా, ముఖ్యం కాబట్టి. నేను మొదట నోట్‌బుక్‌ను లోపల టేబుల్ మీద పెట్టినా, అలవాటేమో మిద్దె మీద, మెట్లు దిగి వచ్చి తీసుకునే ఓపిక ఏ రోజూ రాలేదు. కుర్చీకి దారంతో పెన్సిల్ కట్టి, నోట్‌బుక్ కుర్చీ మీదే పెట్టినాక ఆ రాత్రే మొదలైంది.

6. ఒక వాక్యం రాసి అంటించండి

"ఇకమీద ఫోన్ తగ్గిస్తా" అంటే పనికిరాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తా అనేది ఉండాల.

"రాత్రి భోజనం అయ్యి మిద్దె కుర్చీలో కూర్చోగానే, నోట్‌బుక్ తెరిచి ఒక పాదం కొలుస్తా."

"రిపోర్ట్ పంపే బటన్ నొక్కగానే, డ్రాయర్‌లో ఉన్న అరవం కాగితం తీసి ఒక ఊరి పేరు రాస్తా."

"చేయను" అనే మాట ఆ వాక్యంలో రానీయొద్దు, చేసేదే రాయండి.

7. కోరిక లేచిన పది నిమిషాలు

ఇక్కడ జారిపోయేవాళ్ళే ఎక్కువ, కాబట్టి నిదానంగా చదవండి.

మొదటి నిమిషం: చెయ్యి ఫోన్ దగ్గరకి పోతాది. పోనీండి, తిట్టుకోవద్దు. "ఇదో వచ్చింది" అని నోటితో అనండి, నోట్‌బుక్‌లో టైం రాయండి.

రెండు నుంచి ఐదు: పని తేలిక ముక్కతో మొదలుపెట్టాల, నిన్న నేర్చుకున్న అక్షరాలు మళ్ళీ రాయడం మాదిరి. కొత్తది ఇప్పుడే వద్దు. ఈ నాలుగు నిమిషాలు రుచి ఉండదు, చప్పగా ఉంటాది, "ఇది నా వల్ల కాదు" అనేది ఇక్కడే వస్తాది. వస్తాదని ముందే తెలిసుంటే చాలు.

ఆరు నుంచి పది: కష్టం ముక్క తీసుకోండి. పది నిమిషాలకి ఆపేయొచ్చు. ఆపేసినాక కూడా ఫోన్ కావాలనిపిస్తే చూడండి, పర్వాలేదు, వరస మాత్రం మార్చొద్దు, ముందు ఇది, తర్వాతే అది.

8. వారాల లెక్క

మొదటి వారం రోజుకు పది నిమిషాలు, ఒక్క చోట. రెండో వారం అదే పదిహేను. మూడో వారం నుంచి, బాగుంటేనే, రెండో చోటు కలుపుకోండి.

21 రోజుల్లో అలవాటైపోతాది అనే మాట నమ్మొద్దు. లండన్‌లో 96 మందిని గమనించి 2009లో ఇచ్చిన లెక్క ప్రకారం సగటున 66 రోజులు, ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254 దాకా పట్టేటట్టు ఉండింది. మధ్యలో ఒకరోజు తప్పితే నష్టమేమీ రాలేదు అని కూడా వాళ్ళే తేల్చినారు. తిరునాళ్ళో పెళ్ళో వచ్చి నాలుగు రోజులు పోతే మళ్ళీ మొదటి వారం పది నిమిషాలతో ఎత్తుకోండి, వదిలిన చోటు నుంచి అందుకోవాలని చూడొద్దు.

9. తరచుగా చేసే తప్పులు, వాటి రిపేరు

పెద్ద కోర్సు కొనేయడం. డబ్బు కట్టిన రోజే సంతోషం, తర్వాత అదొక బరువు. నెల నిలిచినాకే కొనండి.

ఉపయోగపడేదే చేయాల అనుకోవడం. పరీక్షకో ఉద్యోగానికో పనికొచ్చేది బదులుగా పెడితే అది కూడా ఆఫీసు పని మాదిరి ఐపోయి, దాన్నుంచి తప్పించుకోవడానికి మళ్ళీ ఫోన్ తీస్తారు. బ్యాంక్ పరీక్ష రాసే పిల్లలు నన్ను ఎక్కువ అడిగేది ఇదే, రీజనింగ్ పుస్తకమే బదులుగా పెట్టుకోవచ్చా అని. వద్దు నాన్నా, రోజంతా అదే చదివి ఖాళీలో కూడా అదే అంటే మెదడు ఒప్పుకోదు, పులి-మేక ఆడుకోండి.

అన్ని అలవాట్లూ ఒకేసారి. దీనికి రిపేరు ఒక్కటే, మొదట ఎంచుకున్న ఆ ఒక్క చోటికే తిరిగి పోవడం.

పిల్లల చేతిలో ఫోన్ లాక్కుని సుడోకు పుస్తకం పెట్టడం. వాళ్ళు సుడోకును శిక్ష అనుకుంటారు. మీరు ఆడతా ఉండండి, చింతగింజల చప్పుడికి వాళ్ళే వస్తారు, వచ్చినప్పుడు పులుల పక్క ఇవ్వండి, గెలుస్తారు, మళ్ళీ వస్తారు.

అరవం రాకుండా ఆగిపోవడం. ఎక్కువగా న లు మూడు, ర లు రెండు, ల, ళ మాదిరివి మూడు కనపడి తికమక పడతారు. మొదటి నెల వాటి తేడాలు పట్టించుకోకుండా చదివేయండి, ఊరి పేరు తెలిసిందే కాబట్టి కన్నే సర్దుకుంటాది.

10. తేలికైపోయినాక

నెలా నెలన్నరకి బదులు పని కూడా చప్పబడతాది. పదికి పది సరిగ్గా వస్తా ఉంటే అదే గుర్తు. పనిని మార్చొద్దు, ఒక మెట్టు పెంచండి.

ఊరి పేర్లు చదివేవాళ్ళు అరవం పేపర్‌లో హెడ్డింగ్‌లకి పోండి. ఆటవెలది కొలిచేవాళ్ళు తేటగీతికి పోండి, అక్కడ పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలూ ఒకటే కాబట్టి భయం లేదు. బొమ్మలు గీసేవాళ్ళు ఒక ఆదివారం చంద్రగిరి కోటకి పోయి రాజమహల్ ముందు అరగంట నిలబడి చూడండి, ఫొటో తీయొద్దు, మూడు అంతస్తులకీ ఎన్నెన్ని కమానులు ఉన్నాయో లెక్కపెట్టుకుని, ఇంటికొచ్చి గుర్తుతో గీయండి. తప్పు పోతాది. వచ్చే ఆదివారం మళ్ళీ పోయి సరిచూసుకోండి.

నేనిప్పుడు తేటగీతి మూడో పాదంలో ఉండా, యతి దొరకలేదు, పెన్సిల్ కుర్చీకే కట్టి ఉంది.